83వ పూస కాలేదాకా షట్టర్ వెయ్యని బాబాయ్ గారికి

నిన్న రాత్రి 11:20కి నా నూరో పాలిమర్ క్లే పూస ఓటీజీలోంచి, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లోంచి, బయటికొచ్చింది. ఫిబ్రవరి 1న మొదలుపెట్టాను, మే 11తో అయిపోయింది. రోజుకో పూస, ఒక్క రోజు కూడా తప్పలేదు. పూస ఇంకా వేడిగా ఉండగానే చేతిలో పెట్టుకుని వంటింట్లో కింద కూలబడ్డాను. ఏడుపొస్తుందనుకున్నాను, ఆవలింత వచ్చింది. గోళ్ళ సందుల్లో నీలం రంగు ఇంకా పోలేదు. ఇది రాసేసి పడుకుంటాను, తప్పులుంటే సర్దుకుపోండి.

ముందు ఇంట్లోవాళ్ళకి థ్యాంక్స్. అమ్మా, నీ జంతికల గొట్టంలో క్లే పెట్టి ఒత్తాను కాబట్టి అది ఇక వంటకి పనికిరాదు, కొత్తది కొనిస్తాను. మా ఆయనకీ పిల్లలకీ కూడా థ్యాంక్స్. మిగతాది ఇంట్లో చెప్పుకుందాం.

ఈ పోస్టు అసలు రాస్తున్నది విజయవాడ గవర్నర్‌పేటలో ఒక సందు చివర మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే ఒక పెద్దాయన కోసం. పేరు రాస్తానంటే "ఎందుకమ్మా, రేపట్నుంచి అందరూ పాత ఓవెన్లు మోసుకొస్తారు" అన్నారు. అందుకని బాబాయ్ గారనే రాస్తున్నాను. పిలిచింది కూడా అలాగే.

ఆంధ్రులు ఆరంభశూరులు అంటారు కదా, ఆ మాటకి సాక్ష్యం కావాలంటే మా ఇంటికి రండి. రెండు నెలల వీణ, ఒక చెయ్యి మాత్రమే కుట్టిన జాకెట్టు, పదకొండో పేజీలో ఆగిన డైరీ, అన్నీ ఉన్నాయి. అందుకే ఈసారి నియమం చిన్నదిగా పెట్టుకున్నాను. పన్నెండు కొట్టేలోపు ఒక్క పూస చేసి, కాల్చెయ్యాలి. వంకరైనా, మాడినా అదే ఆ రోజు పూస. మళ్ళీ చెయ్యకూడదు.

పాలిమర్ క్లే అంటే పేరుకే మట్టి. నిజానికి అది పీవీసీ అనే ప్లాస్టిక్ పొడి, దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం, రంగు. గాలికి ఆరదు, 130 డిగ్రీల దగ్గర అరగంట కాలిస్తేనే గట్టిపడుతుంది. కొన్ని రకాలకి 110 చాలు, ప్యాకెట్ మీద రాసుంటుంది. వేడి తక్కువైతే పైకి బాగానే కనిపించి నెల తర్వాత పుటుక్కున విరుగుతుంది. ఎక్కువైతే మాడుతుంది.

మొదటి పది రోజులూ పూసల మీద నా వేలిముద్రలే డిజైను. తెల్ల క్లే అయితే మరీ ఘోరం, విజయవాడలో ఉన్న దుమ్మంతా దానికే అంటుకుంటుంది. 12వ రోజు నుంచి కడ్డీలు చుట్టడం నేర్చుకున్నాను. బెండకాయని ఎక్కడ కోసినా అదే చక్రం కనిపిస్తుంది చూడండి, ఇదీ అంతే. రంగురంగుల క్లే ముక్కల్ని పువ్వు ఆకారంలో పేర్చి, కడ్డీగా నొక్కి సాగదీస్తే ఎక్కడ కోసినా అదే పువ్వు. నా మొదటి పువ్వు మాత్రం నలిపేసిన ఇడ్లీలా వచ్చింది. 41వ రోజు పాపానాయుడుపేట గాజుపూసల్ని అనుకరించబోయాను. తిరుపతి దగ్గర ఆ ఊళ్ళో కరిగిన గాజుని పొడవాటి గొట్టంలా లాగి, ముక్కలుగా కోసి, అంచులు గుండ్రబడేలా మళ్ళీ వేడి చేస్తారు. నేను తీగ చుట్టూ క్లే చుట్టి లాగి కోశాను. వాళ్ళ పూస ఆవగింజంత ఉంటుంది, నాది శనగగింజంత వచ్చింది. ఆ రోజు నుంచి వాళ్ళంటే భయంతో కూడిన గౌరవం.

అరవయ్యో రోజు దాటాక ఓవెన్ తిక్క మొదలైంది. ఒక పూస లేత గోధుమ రంగుకి తిరిగేది, మరొకటి పచ్చిగా ఉండేది. వారంటీ ఉంది కదా అని కంపెనీకి ఫిర్యాదు చేశాను. మూడు వారాల్లో రెండుసార్లు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. మా గుమ్మం తొక్కిన మనిషి మాత్రం ఒక్కడూ లేడు. మూడోసారి ఫోన్ ఎత్తిన అబ్బాయి "మేడమ్, అందులో కేక్ చేశారా?" అని అడిగాడు. క్లే అన్నాను. "అయితే వారంటీ వర్తించదు." ఓటీజీకి 130 డిగ్రీలు కేక్‌వైతేనేం, క్లేవైతేనేం? పరిష్కారమైందో లేదో సమస్య ఉన్నవాళ్ళని కదా అడగాలి? సరే, ఇది థ్యాంక్స్ పోస్టు. వదిలేస్తున్నాను.

82వ రోజు, ఏప్రిల్ 23, వంటిల్లంతా పొగ. పూస బొగ్గులా నల్లబడి, ఉబ్బిపోయింది. ఘాటు వాసనకి కళ్ళు మండిపోయాయి. పిల్లల్ని బాల్కనీలోకి తరిమి తలుపులన్నీ తీశాను. మర్నాడు ఓవెన్ అసలు వెలగలేదు. ఆఫీసు నుంచి రాగానే ఆ రోజు పూసని టిఫిన్ డబ్బాలో కాగితం పరిచి పెట్టుకుని, ఓవెన్‌ని ఆటోలో వేసుకుని తిరిగాను. మూడు షాపుల్లో "రేపు చూద్దాం" అన్నారు. నాలుగోది బాబాయ్ గారిది. టైము తొమ్మిది దాటింది, షట్టర్ సగం దించేసి ఉంది.

ఆయన ముందు ఓవెన్ వైపు చూడలేదు, నా మొహం చూశారు. "ఏమ్మా, ఏమైంది?" అన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక మాడిపోయిన పూస తీసి చేతిలో పెట్టాను. వాసన చూశారు.

"ఇది వైరు కాలిన వాసన."

"పీవీసీ అండీ."

"అదే, వైరు మీద తొడుగు. ఇదెప్పుడూ పీల్చకూడదమ్మా, ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఇందులో తినేవి కూడా చేస్తావా?"

చెయ్యనన్నాను. తలూపి స్క్రూలు విప్పడం మొదలుపెట్టారు.

థర్మోస్టాట్‌లో పాయింట్లు అతుక్కుపోయాయట. వేడెక్కాక ఆగాల్సిన కరెంటు ఆగకుండా పోతూనే ఉంది. చివరికి లోపలి ఫ్యూజు కొట్టేసింది. మూలన పడున్న పాత ఓవెన్లోంచి థర్మోస్టాట్ తీసి నాకు చూపించారు, రెండు రాగి ముక్కలు టక్కుమని విడిపోవడం. దాన్ని బిగించి, ఫ్యూజు మార్చారు. అక్కడితో ఆపెయ్యొచ్చు. ఆపలేదు. వేడి కొలిచే మల్టీమీటర్ వైరొకటి లోపలికి దూర్చి తలుపు మూశారు. డయల్ 130 మీద ఉంది, మీటర్ 158 చూపించింది. "పాతదానికీ ఈ జబ్బే ఉండుంటుంది. నీ పూసలు మాడక ఏం చేస్తాయి?" అన్నారు. డయల్‌ని వెనక్కీ ముందుకీ తిప్పుతూ, మీటర్ 130 దగ్గర నిలబడేదాకా పావుగంట ఓపిగ్గా కూర్చున్నారు. తర్వాత సొరుగులోంచి ఎర్ర పెయింటు తీసి, అగ్గిపుల్లతో డయల్ మీద చుక్క పెట్టారు. "బొట్టు పెట్టాను. ఇక అంకెలు చూడకు, బొట్టు చూడు."

డబ్బులివ్వబోతే టిఫిన్ డబ్బా వైపు చూసి "అదేంటి?" అన్నారు. ఇవాళ్టి పూస, పన్నెండులోపు కాలాలి అన్నాను. ఎనభై మూడు రోజుల సంగతి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. "ఒక్క రోజూ తప్పలేదా? మావాడు జిమ్ముకి మూడు రోజులు వెళ్ళాడు" అని, "ఇక్కడే పెట్టెయ్. ఇంటికెళ్ళాక మళ్ళీ ఏదైనా అయితే నాకు నిద్ర పట్టదు" అన్నారు.

ట్రేలో కార్న్‌ఫ్లోర్ పోసి పూస పెట్టాం. పది నిమిషాలకి కరెంటు పోయింది. ఇన్వర్టర్‌కి ఓటీజీ మోసే బలం ఉండదు. బాబాయ్ గారు మారుమాట లేకుండా పక్క మందుల షాపులోకి వెళ్ళి, వాళ్ళ జనరేటర్ నుంచి వైరు లాక్కొచ్చారు. ఆ వైరు దాటుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంటుంటే ఆయన ఫోన్ మోగింది. రెండోసారి అది, ఇంటి నుంచి.

"వస్తున్నా, వస్తున్నా. పూస కాలుతోంది, అదయ్యాక వస్తా" అన్నారు.

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. సంజాయిషీ లేదు, వెటకారం లేదు. అన్నం ఉడుకుతోంది, బండికి గాలి కొట్టిస్తున్నా అన్నంత మామూలుగా అన్నారు. ఎనభై మూడు రోజుల్లో నా పూసని పని కింద లెక్కవేసిన మొదటి మనిషి ఆయనే. నాతో సహా అంటున్నాను. ఆఫీసులో ఎవరైనా అడిగితే "ఏదో టైంపాస్" అనేదాన్ని. ఆయన నా ఏడుపు చూసీ చూడనట్టు స్క్రూడ్రైవర్లు సర్దుకున్నారు.

10:55కి పూస కాలింది. సామాను ఖరీదు 350 తీసుకున్నారు. కూలి మాట ఎత్తితే ఓవెన్ ఆటోలో పెట్టేశారు. మర్నాడు వెళ్ళి 83వ పూస ఆయనకే ఇచ్చేశాను, ఆకుపచ్చ మీద తెల్ల చారలున్నది. షాపు తాళాలగుత్తికి కట్టుకున్నారు. అందుకే నా దండలో 82కీ 84కీ మధ్య ముడి ఉంటుంది. ఫొటో చూసి పూస జారిపోయిందని కామెంట్ పెట్టకండి.

అయ్యో, ఇంకా ఉన్నారు. మందుల షాపు తమ్ముడూ, మా వైరు కోసం ఏసీ ఆపేసి చెమటలు కక్కావు, పేరు కూడా అడగలేదు, ఏమనుకోకు. బొద్దుగా ఉన్న ఆటో అన్నయ్య, నాలుగు షాపులు తిప్పి వెయిటింగ్ అడగలేదు. పూస కింద కార్న్‌ఫ్లోర్ పోస్తే అడుగున మెరిసే మచ్చ పడదని చెప్పిన మూడో ఫ్లోర్ అక్క. మార్చి లెక్కల్లో నా ఫైళ్ళు రెండు తన నెత్తినేసుకున్న పక్క సీటు అమ్మాయి. ఈ పేరా ముందే రాయాల్సింది.

బాబాయ్ గారింట్లో పిన్నిగారికి కూడా. ఆ రాత్రి పప్పు రెండుసార్లు వేడి చేశారట.