గాలికొండ బాక్సైట్ గురించి గనుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ గనుల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను కొండ మీద మనిషిని కాదండి, కింద విశాఖలో కుళాయి నీళ్ళు తాగే మనిషిని, అందుకే రాస్తున్నా. అరకు, చింతపల్లి కొండల్లో బాక్సైట్ (అల్యూమినియం తీసే ఖనిజం) తవ్వే మాట ఎత్తగానే అదేదో గిరిజనుల గొడవలే అని మేం కిందోళ్ళం వదిలేస్తాం. కానీ సిటీకి వచ్చే నీళ్ళలో కొన్ని తాటిపూడి రిజర్వాయరు నుంచి వస్తాయి, తాటిపూడికి నీళ్ళిచ్చేది గోస్తని నది, అది పుట్టేది అనంతగిరి కొండల్లో, ఆ కొండల్లోనే గాలికొండ, దాని నెత్తిన బాక్సైట్. రైవాడ రిజర్వాయరుకి వచ్చే శారద, నర్సీపట్నం వైపు పొలాలకి పారే తాండవ కూడా ఈ ఏజెన్సీ కొండల నుంచి దిగినవే కదా.

బాక్సైట్ అంటే బొగ్గులాగా ఎక్కడో లోతుల్లో ఉండేది కాదు సార్, కొండ శిఖరం మీద టోపీలా ఉంటుంది. కింద ఖొండలైట్ రాయి, అది లక్షల ఏళ్ళు వానకి నాని నాని సిలికా అంతా కొట్టుకుపోయి అల్యూమినా (అల్యూమినియం తీసేది ఇందులోంచే) ఎక్కువున్న పొర పైన మిగిలింది. ఆ పొర నిండా సన్న బెజ్జాలే, పడిన వానని పీల్చుకుని నెలల తరబడి కొంచెం కొంచెంగా కిందికి వదుల్తుంది, మండు వేసవిలో కూడా గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, నీళ్ళు పారేది అందుకే. తవ్వాక మళ్ళీ మట్టి నింపి మొక్కలు నాటుతాం అని ప్రతి ప్లాన్‌లో రాస్తారు, మొక్కలు రావచ్చేమో గానీ ఆ రాయి మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తారు?

1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ఏరియాలో (రాజ్యాంగం గిరిజనుల కోసం గుర్తించిన ప్రాంతంలో) ప్రైవేటోళ్ళకి లీజులు చెల్లవు అంది. ప్రభుత్వ సంస్థ తవ్వుకునే దారి మాత్రం మిగిలిపోయింది, 2015లో జీవో 97 వచ్చింది ఆ దారిలోనే, రాష్ట్ర ప్రభుత్వ ఖనిజ సంస్థ ఏపీఎండీసీకి బాక్సైట్ కోసం చింతపల్లి, జెర్రెల వైపు 1,212 హెక్టార్ల అడవి. జనం రోడ్డెక్కితే ఆగింది, 2019లో రద్దయింది, సంతోషమే. కానీ ఒక జీవోతో పోయింది ఇంకో జీవోతో రాదని గ్యారంటీ ఏముంది చెప్పండి. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా అక్కడి జనం గుండెలు చేత్తో పట్టుకుని కూర్చోవాలా, వాళ్ళు కాఫీ, మిరియాలు వేసుకుని ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నారు, అరకు కాఫీకి 2019లో జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే గుర్తింపు) కూడా వచ్చింది.

బాక్సైట్ నుంచి ఒక టన్ను అల్యూమినా తీస్తే దాదాపు అంతే బరువు ఎర్ర బురద మిగుల్తుంది, కాస్టిక్ సోడా కలిసిన బురద. 2010లో హంగరీలో అజ్కా దగ్గర అలాంటి బురద చెరువు గట్టు తెగి పది మంది చనిపోయారు. మన దగ్గర రిఫైనరీ కొండ కిందే పెడతారు కాబట్టి ఆ బురద కూడా మా పక్కనే ఉంటుంది.

అల్యూమినియం వద్దని నేను అనట్లేదు, మా ఇంట్లోనూ గిన్నెలున్నాయి. పాత అల్యూమినియం కరిగించి మళ్ళీ వాడితే కొత్తది తీయడానికి పట్టే కరెంటులో 5 శాతం చాలు, ముందు అటు చూడండి.

నేను అడిగేది ఇదీ. ఒడిశాలో బాక్సైట్ ఉన్న నియంగిరి కొండల్లో 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట 12 గ్రామసభలు పెట్టారు, పన్నెండూ తవ్వకం వద్దన్నాయి, దాన్ని గౌరవించారు. ఇక్కడ గిరిజన ప్రాంతాల్లో గ్రామసభలకి అధికారాలిచ్చే పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం ఉన్నాయి, గ్రామసభలని వాళ్ళ భాషలోనే అడగండి, వద్దంటే ఇక తవ్వేది లేదని అసెంబ్లీలో చట్టమే చేయండి. ఈలోపు గాలికొండ, రక్తకొండ, జెర్రెల కొండల నుంచి దిగే ప్రతి గెడ్డ పేరు, వేసవిలో అందులో ఎన్ని నీళ్ళు ఉంటాయి అన్నది కొలిపించి అందరికీ కనపడేలా పెట్టండి. ఇంకొకటి సార్, లేటరైట్ అనే ఎర్రరాయి, బాక్సైట్ ఒకే కొండ మీద కలిసే ఉంటాయి, ఒకదాని పేరుతో ఇంకోటి పోకుండా చూడాలి, అందుకే లేటరైట్ లీజుల నుంచి వెళ్ళే రాయిలో అల్యూమినా శాతం ఎంతో టెస్ట్ చేయించి ఆ రిపోర్టులు కూడా బయట పెట్టండి, ఈ వేసవి లోపే.

ఇట్లు,
తాటిపూడి నీళ్ళు తాగే ఒక విశాఖవాసి