జ్వరం లెక్క ఎవరి దగ్గర ఉంది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. గుంటూరు జిల్లాలో ఏఎన్‌ఎంగా చేరి, ముప్పై ఏళ్ల తర్వాత పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి కుటుంబం విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటుంది. ఐదేళ్ల మనవడికి ఆటిజం. ఈ ఉత్తరం వాడి గురించి కాదు గానీ, వాడి పేరున వచ్చిన ఒక బిల్లు దగ్గర మొదలుపెట్టక తప్పదు.

వైరస్ వల్లే ఆటిజం వస్తుందని, ఏ వైరసో తేలితే మందు ఉందని ఎవరో చెబితే పోయిన నెల మావాళ్లు పిల్లవాణ్ణి ఒక ప్రైవేటు ల్యాబుకు తీసుకెళ్లారు. ఇద్దరు గట్టిగా పట్టుకుంటే గాని రక్తం తీయలేకపోయారు. బిల్లు తొమ్మిది వేల నాలుగు వందలు. సైటోమెగలో, హెర్పిస్, రుబెల్లా, తట్టు అన్నింటి ఎదురుగా ఐజీజీ పాజిటివ్ అని ఎర్ర అక్షరాలు. ఐజీజీ అంటే వైరస్ ఎప్పుడో సోకినా, టీకా వేసినా ఒంట్లో మిగిలే యాంటీబాడీలు. కోడలు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "అత్తయ్యా, కడుపుతో ఉన్నప్పుడు నాకు జ్వరం వచ్చింది కదా, అందుకేనా వీడు ఇలా పుట్టాడు?" అని అడిగింది.

రుబెల్లా, తట్టు పాజిటివ్ రావడంలో వింత లేదు. వాడికి తొమ్మిదో నెలలో ఒకసారి, ఏడాదిన్నరకు మరోసారి ఎంఆర్ (తట్టు-రుబెల్లా) టీకా దగ్గరుండి వేయించింది నేనే. టీకా పట్టిందనడానికి అది గుర్తు. ఆ మాట ఎర్ర అక్షరాల్లో కాదు, పచ్చ అక్షరాల్లో అచ్చు వేయాలి. సైటోమెగలో వైరస్ మన దేశంలో పెద్దయ్యేలోపు చాలామందికి సోకేదే. కడుపులో ఉండగానే సోకిందా అన్నది తేలాలంటే పుట్టిన 3 వారాల లోపు బిడ్డ మూత్రమో లాలాజలమో పరీక్షించాలి. ఐదేళ్ల వయసులో రక్తం తీసి చూస్తే అది ఎప్పుడు సోకిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఆ డబ్బుతో మనవడికి కొన్ని వారాలు స్పీచ్ థెరపీ నడిచేది.

అయితే కోడలి ప్రశ్న తీసిపారేసేది కాదు. 1964-65లో అమెరికాలో రుబెల్లా చెలరేగినప్పుడు గర్భిణులకూ సోకి, సుమారు 20 వేల మంది పిల్లలు గుండె, కళ్లు, చెవుల లోపాలతో పుట్టారు. అలాంటి 243 మంది పిల్లలను పరిశీలించిన స్టెల్లా చెస్ అనే వైద్యురాలు, వాళ్లలో 18 మందికి పూర్తిగానో పాక్షికంగానో ఆటిజం ఉందని 1971లో ప్రచురించారు. అప్పటి మామూలు లెక్కలకు అది ఎన్నో రెట్లు ఎక్కువ. రుబెల్లా తల్లిని పెద్దగా బాధపెట్టదు. కాస్త జ్వరం, సన్నటి దద్దుర్లు, మూడు రోజుల్లో మాయం. మన గుంటూరు ఎండల్లో అయితే వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించి ఊరుకుంటాం.

ఆటిజంతో ఇంత గట్టి సంబంధం బయటపడిన వైరస్‌ను అడ్డుకునే టీకా మీదే ఆటిజం నింద పడడం చిత్రం. రుబెల్లా టీకా కలిసిన ఎంఎంఆర్‌కూ ఆటిజానికీ సంబంధం ఉందన్నట్టు 1998లో వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు 12 మంది పిల్లలతో రాసిన వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల వివరాలు చూసి, టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదని 2019లో తేల్చారు. అయినా 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో ఎంఆర్ టీకా కార్యక్రమం మొదలైనప్పుడు తల్లులు ఫోన్లు పట్టుకొచ్చి ఆ పాత నిందనే మాకు చూపించారు. ఒక బడి గేటు దగ్గర గంటసేపు నిలబడి బతిమాలడం నాకు ఇంకా గుర్తు.

రుబెల్లా దాటితే దారి అంత స్పష్టంగా లేదు. గర్భం మొదటి 3 నెలల్లో వైరల్ ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరిన తల్లుల పిల్లల్లో ఆటిజం ఎక్కువగా కనిపించిందని 2010లో డెన్మార్క్ పరిశోధకులు రాశారు. స్వీడన్ వాళ్లు 2022లో ఇంకో మెట్టు ఎక్కారు. ఒకే తల్లి ఒక కాన్పులో జబ్బుపడి, మరో కాన్పులో పడకపోతే ఆ ఇద్దరు పిల్లలకూ తేడా ఉందా అని చూశారు. ఆటిజం విషయంలో ఆ తేడా నిలవలేదు. అంటే జ్వరం కంటే ఆ కుటుంబంలోనే ఉన్న వేరే కారణాలు కావచ్చు. ఇక ఎలుకల ప్రయోగాల్లో, వైరస్ లేకుండానే తల్లి రోగనిరోధక శక్తిని రెచ్చగొడితే పిల్లల ప్రవర్తన మారిందని, ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం అందుకు కీలకమని 2007లో చూపించారు. ఎలుకలకు మాటలు రావు కాబట్టి మనిషి సంగతి ఎలుకతో తేలదు. నా పరిధిలో వానాకాలంలో ఒక్కసారైనా జ్వరపడని గర్భిణి అరుదు. వాళ్ల పిల్లల్లో ఎక్కువమంది చక్కగా ఎదిగారు. కోడలికి ఇదే చెప్పాను. సగం నమ్మింది.

డెన్మార్క్ ఇంత లెక్క ఎలా తీసింది? 1968 నుంచి అక్కడ ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంది. తల్లి ఆసుపత్రిలో చేరిన రోజూ, ఏళ్ల తర్వాత బిడ్డకు ఆటిజం అని రాసిన రోజూ ఆ నంబరుతో కలుస్తాయి. మా రిజిస్టర్లలో బరువు, బీపీ, హిమోగ్లోబిన్ తప్పకుండా రాసేవాళ్లం. జ్వరం వస్తే పారాసెటమాల్ ఇచ్చినట్టు రాశాం గాని ఎన్నో నెలలో వచ్చింది, ఎన్ని రోజులుంది, దద్దుర్లు ఉన్నాయా అని రాయలేదు. ఆ తప్పులో నా వాటా నాదే. కోడలి జ్వరం నాలుగో నెలలో అని నేను, ఆరో నెలలో అని తను. చూద్దామంటే ఆమె తల్లీబిడ్డల కార్డు 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో నాని ముద్దయింది. ఎండబెడితే అట్ట మిగిలింది, సిరా మిగల్లేదు.

కాబట్టి పరిశోధన చేయండి అని ఊరికే అనడం లేదు. విజయవాడలో సిద్ధార్థ, గుంటూరులో ప్రభుత్వ వైద్య కళాశాల, మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. ఈ మూడూ కలిసి రెండు జిల్లాల గర్భిణులలో ఇష్టపడిన వాళ్లను నమోదు చేసి, జ్వరం వచ్చిన వారంలోనే నమూనా తీసి, బిడ్డ పుట్టిన 3 వారాల లోపు లాలాజలం చూసి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు జరిగే పరీక్షలతో ఆ పేర్లు కలపవచ్చు. ఫలితం రావడానికి ఐదారేళ్లు పడుతుంది. ఈలోగా ఐదేళ్ల పిల్లలకు వైరస్ ప్యాకేజీలు అమ్మే ల్యాబులను జిల్లా వైద్యాధికారులు పిలిచి, ఆ పరీక్షతో ఏం తేలుతుందో రాతపూర్వకంగా అడగాలి.

తల్లీబిడ్డల కార్డు మళ్లీ అచ్చు వేసేటప్పుడు జ్వరానికి ఒక వరుస పెట్టండి: ఎన్నో వారం, ఎన్ని రోజులు, దద్దుర్లు ఉన్నాయా లేదా. దాన్ని ఎలా నింపాలో కొత్త ఏఎన్‌ఎంలకు చెప్పమంటే నేను గుంటూరులో బస్సెక్కి ఎక్కడికైనా వస్తాను. చార్జీలు అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
గుంటూరు.
(మనవడి కోసం నా పేరు ప్రచురించవద్దని మనవి.)