వార్షిక నివేదిక: బురద నీళ్ల తీరంలో డైవింగ్ చోట్ల వెతుకులాట

సభ్యులందరికీ నమస్కారం.

పిల్లల ఈత శిక్షణ హన్మకొండలో ఎప్పటిలాగే వేసవిలో జరిగింది. జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో పంచుతాం. అందరూ అడుగుతున్నది విశాఖ సంగతే కాబట్టి నేరుగా అందులోకి వస్తాను.

బోటు అద్దె లేకుండా, ఒడ్డు నుంచే దిగి డైవింగ్ చేసే చోట్లు వెతకాలని పోయిన ఏడాది తీర్మానించుకున్నాం. వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. పాకాల చెరువు ఉండగా అంత దూరం దేనికని కొందరన్నారు. పాకాలలో మొసళ్లున్నాయని గుర్తుచేశాక ఆ చర్చ సాగలేదు.

విశాఖలో అండమాన్ లాంటి తేట నీళ్లను ఊహించుకుంటే మాత్రం నిరాశే. గంగ నుంచి కృష్ణ దాకా పెద్ద నదులన్నీ ఒండ్రును బంగాళాఖాతంలోనే పోస్తాయి. వానాకాలంలో కాళేశ్వరం దగ్గర గోదావరిని చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటుంది. పైనున్న నదుల నీళ్లు ఇటే వస్తాయి, తుపాన్లూ అప్పుడే. అందుకే సంక్రాంతి దాటాకే బయల్దేరాం.

ఉపగ్రహ మ్యాపులో ఒడ్డుకు దగ్గరగా నల్లటి మచ్చలు కనిపిస్తే రాళ్లు ఉండొచ్చని గుర్తుపెట్టుకున్నాం. అయితే మ్యాపు కన్నా మత్స్యకారులే నయం. ఎక్కడ వల రాయికి పట్టి చిరుగుతుందో, అక్కడ ఎన్ని బారల లోతో వాళ్లకు కంఠతా వచ్చు. వాళ్లు తప్పించుకునే చోటే మనకు కావలసిన చోటు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది, అటు ఆలోచించలేదు. యారాడ చూడ్డానికి అందమే గానీ అలలు ఇసుకను రేపుతూనే ఉంటాయి, లోపలికి లాగే ప్రవాహం భయం కూడా ఉంది. మాకు నచ్చింది తొట్లకొండకు ఎదురుగా ఉన్న మంగమారిపేట. అక్కడ సహజ శిలాతోరణం ఉంది. సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో రాళ్లు బయటపడి ఎక్కడ దిగాలో, ఎక్కడ ఎక్కాలో ముందే చూసుకోవచ్చు.

నీళ్లు తేటగా ఉన్నాయో లేదో తేల్చింది ఒక స్టీలు కంచం. నలుపు, తెలుపు రంగులు వేసి, మీటరుకో ముడి వేసిన తాడు కట్టి రాళ్ల మీంచి దించాం. రెండో ముడి మునగకముందే కంచం కనబడకపోతే ఆ పూట దిగకూడదన్నది నియమం. ముఖాలు వేలాడేసుకుని టిఫిన్‌కు వెళ్లిన పూటలూ ఉన్నాయి.

ఇక తిథులు. అమావాస్య, పౌర్ణమికి పోటుపాట్లు పెద్దవి, అడుగున ఉన్న మట్టి లేచి నీళ్లలో కలిసిపోతుంది. అష్టమి నుంచి దశమి మధ్య నీరు నెమ్మదిగా కదులుతుంది. అందులోనూ సముద్రపు గాలి లేవకముందే, పోటు నిండిన వేళ బాగుంటుంది. టికెట్ల కంటే ముందు పంచాంగం చూడాలి.

లోపల చెయ్యి చాచినంత మేరే కనిపించినా రాతికి పట్టిన ఆల్చిప్పలు, సముద్రపు ముళ్లచెండ్లు చూస్తూ ఎంతసేపైనా ఉండిపోవచ్చు. టార్చిని కళ్ల దగ్గర కాకుండా పక్కకు చాచి పట్టుకోవాలి. లేకపోతే మంచులో కారు హెడ్‌లైట్ వేసినట్టు ఎదురుగా తెల్లదనమే. మనతో దిగిన జోడీ కనబడకుండా పోతే ఒక్క నిమిషం వెతకడం, తర్వాత నెమ్మదిగా పైకి రావడం. ఇందులో మొహమాటాల్లేవు.

వచ్చే ఏడాది డైవింగ్ సర్టిఫికెట్ లేనివారిని సిలిండర్‌తో దింపం; వాళ్లు మాస్కు, స్నార్కెల్ (ఊపిరి గొట్టం)తో రావచ్చు. పేర్లు కార్యదర్శికి ఇవ్వండి. తేదీలు కొత్త పంచాంగం వచ్చాక చెబుతాం.