చిన్న పికప్‌కి ఏసీ లేకపోతే పోయె, రెయిన్ వైజర్ అయినా ఇవ్వరా?

సంపాదకులకు నమస్కారం.

లారీ క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అని మీ పత్రికలో చదివాను. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే బండ్లకు ఆ నిబంధన వర్తిస్తుంది. మంచిదే. అయితే అది ఎన్2, ఎన్3 తరగతులకు, అంటే లోడుతో కలిపి 3.5 టన్నులు దాటే బండ్లకే. మా పల్లెల్లో చీనీకాయలు (బత్తాయి), టమాటాలు మోసే పికప్‌లు చాలావరకు దానికి లోపలే ఉంటాయి. ఆ లెక్కలో మేం లేము. కనీసం రెయిన్ వైజర్, అంటే వాన నీళ్లు లోపలికి రాకుండా డోర్ అద్దం పైన అంటించే ప్లాస్టిక్ రేకు, అదైనా కంపెనీవాళ్లే వేసి ఇవ్వాలంటాను.

నాది నార్పల. సొంత పికప్‌తో బాడుగలు తోలుతాను. టమాటా సీజన్లో కక్కలపల్లి మార్కెట్‌కి, మిగతా కాలంలో అనంతపురం యార్డుకి చీనీ. ‘అనంతపురంలో వానెక్కడిది, వైజర్ ఎందుకు’ అని నవ్వేవాళ్లున్నారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే మాకు రాసిపెట్టింది, నిజమే. కానీ జోరు వానలు పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. సరుకు నడిచేదీ అప్పుడే. వేలం టైముకి కాయ దిగకపోతే రైతు నష్టపోతాడు. వాన వెలిసేదాకా చెట్టు కింద బండి ఆపుకునే వీలుండదు.

ఏసీ లేని క్యాబిన్లో తడిసిన బట్టలతో ముగ్గురు కూర్చుంటే, అద్దాలెక్కిస్తే కాసేపటికే ముందద్దం లోపల ఆవిరి పట్టేస్తుంది. వైపర్ తుడిచేది బయటి నీళ్లనే. ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో గుడ్డ. రాత్రిపూట ఎదుటి లైటు ఆ ఆవిరి మీద పడితే రోడ్డే కనపడదు, అదొక పెద్ద టెన్షన్. డోర్ అద్దం రెండు వేళ్లంత దించితే గాలాడి ఆవిరి పోతుంది, కానీ నీళ్లు నేరుగా భుజం మీద పడతాయి. డోర్ పైన అంటించే ఆ ప్లాస్టిక్ రేకు ఆపేది ఈ నీళ్లనే. వెనక నుంచి ఏటవాలు జల్లు కొడితే దానివల్లా కాదు, అది వేరే సంగతి. ఎండాకాలంలో ఇంకో లాభం: యార్డులో బండి నిలిపినప్పుడు అద్దం కాస్త దించి పెడితే లోపలి సెగ బయటికి పోతుంది.

నా బండికి వైజర్ మొదట ఒక షాపులో వేయించాను. దుమ్ము పైపైన గుడ్డతో తుడిచి, తడి ఆరకముందే అంటించేశారు. ఒక కొస లేచి, హైవే ఎక్కితే చాలు ఈల వేసేది. కొన్నాళ్లకు ఎక్కడో ఊడి పడిపోయింది. రెండోసారి నేనే వేసుకున్నాను. పొద్దున నీడలో, డోర్ ఇనుము బాగా కాలకముందు పని పెట్టుకోవాలి. డోర్ ఫ్రేమ్ కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడవాలి. పాలిష్ జిడ్డు మిగిలితే ఎంత మంచి డబుల్ టేప్ అయినా పట్టదు. ముందు ఊరికే ఆనించి గుర్తులు పెట్టుకుని, టేపు మీది కాగితం రెండు కొసల్లో కొంచెమే ఒలిచి, కుదిరిందనుకున్నాకే మిగతాది లాగి, బొటనవేలితో పొడుగునా గట్టిగా నొక్కాలి. టేపు పూర్తిగా పట్టడానికి దాదాపు 3 రోజులు పడుతుంది. కనీసం మొదటి రోజైనా నీళ్లు తగలనీయకూడదు. అంటించకుండా, అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ గాడిలో దూర్చే రకం కూడా ఉంది. అది వేశాక ఒకటి రెండు రోజులు అద్దం ఎక్కించే ఉంచాలి. బిగుసుకుంది కదా అని హ్యాండిల్ బలంగా తిప్పితే లోపలి మెకానిజం పోతుంది.

బాగా నల్లగా ఉన్నవి మాత్రం కొనొద్దంటాను. సైడు మిర్రర్ చూసేచోట అవి అడ్డమొస్తే రాత్రి కష్టం. పైగా 2012లో సుప్రీంకోర్టు అద్దాల మీద నల్ల ఫిల్ములు వద్దన్నప్పటి నుంచి దూరానికి నల్లగా ఏది కనపడినా బండి ఆపుతారు. ఇది ఫిల్ము కాదు సార్, అద్దానికి అంటించింది కాదు అని రోడ్డు పక్కన నిలబడి చెప్పుకోవాలి.

నేను కొన్న సెట్టు ఖరీదు వెయ్యి రూపాయల లోపే. లక్షలు పోసి కొనే బండిలో అదెంత? ఫ్యాక్టరీలోనే కొలతకు సరిపడా, లేత రంగులో వేసి పంపితే మేం అంటించుకునే పనీ ఉండదు, పోలీసులకు చెప్పుకునే పనీ ఉండదు. చిన్న బండ్లకు ఏసీ నిబంధన ఎప్పుడొస్తుందో రానీ, రవాణా శాఖ ముందు ఈ చిన్న పని కంపెనీలతో చేయించాలి.

ఇట్లు,
ఒక పికప్ యజమాని,
నార్పల, అనంతపురం జిల్లా