కోర్టు నిలబెట్టింది నిబంధనను, కార్డును కాదు

సంపాదకులకు,

అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసాపై ఉన్న మన ఆడపడుచులు చాలామంది ఉద్యోగ అనుమతికి కోర్టు అండ ఉందన్న ధీమాతో ఉన్నారు. నిజమే, హెచ్-4పై ఉన్న కొందరికి ఉద్యోగ అనుమతి ఇచ్చే 2015 నాటి నిబంధనను డీసీ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2024 ఆగస్టు 2న సమర్థించింది. సరిగ్గా ఐదు వారాల ముందు సుప్రీంకోర్టు, చట్టం అస్పష్టంగా ఉన్నచోట ప్రభుత్వ శాఖ భాష్యాన్నే కోర్టులు ఒప్పుకోవాలన్న 'షెవ్రాన్' సూత్రాన్ని కొట్టేసినా ఇది పడిపోలేదు. ప్రభుత్వ శాఖ చెప్పిన భాష్యాన్ని నమ్మి కాదు, చట్టమే ఆ అధికారం ఇచ్చిందని కోర్టు తేల్చింది మరి.

చిక్కంతా ఉద్యోగ అనుమతి కార్డు రెన్యువల్‌లో ఉంది. 2025 అక్టోబర్ 30న, ఆ తర్వాత వేసిన దరఖాస్తులకు, నిర్ణయం వచ్చేలోగా కార్డు గడువును 540 రోజుల వరకు పెంచే పాత ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు మీది తేదీ దాటిన మర్నాడు పనికి లాగిన్ అయినా అది అనధికార ఉద్యోగమే, రెన్యువల్ దరఖాస్తు రసీదు చూపితే చెల్లదు. ఉద్యోగ అనుమతి దరఖాస్తు అయిన ఐ-765ను హెచ్-4 వారి సీ26 కేటగిరీ కింద కార్డు గడువుకు 180 రోజుల ముందే వేయొచ్చు. అయితే హెచ్-4 గడువే ముగుస్తుంటే ఒక్క ఐ-765 చాలదు, హెచ్-4 పొడిగింపు దరఖాస్తు ఐ-539 కూడా కావాలి. భర్త హెచ్-1బీ పొడిగింపునూ ఆరు నెలల ముందే వేసే వీలుంది కనుక మూడూ ఒకేసారి పంపమని కంపెనీ లాయర్‌ను అడగాలి. చాలా కంపెనీలు ఆఖరి నెల దాకా కదలవు!

- ఒక పాఠకుడు, హైదరాబాద్