భూకంపం వార్తల్లో ఈ "తీవ్రత" ఏంది?

ఎడిటర్ గారికి నమస్కారం. భూకంపం వచ్చిన ప్రతిసారీ మన తెలుగు పేపర్లు, మీదొక్కటే అంటలేను, మాగ్నిట్యూడ్‌నీ ఇంటెన్సిటీనీ కలిపేసి రెండిటికీ తీవ్రత అనే రాస్తున్నయ్. రెండూ ఒకటి కాదు సార్.

2024 డిసెంబర్ 4 పొద్దున ఏడున్నరకు ములుగు దిక్కు వచ్చింది కదా, దాని మాగ్నిట్యూడ్ 5.3. లోపల ఎంత శక్తి బయటపడ్డదో చెప్పే నంబరు అది, భూకంపం మొత్తానికి ఒక్కటే, ములుగులో ఉన్నా విజయవాడలో ఉన్నా మారదు. ఇంటెన్సిటీ అట్ల కాదు, మీరున్న చోట ఎంత ఊగింది, గిన్నెలు కదిలినయా, గోడలు పగిలినయా, జనం బయటికి ఉరికిన్రా అని చూసి ఒకటి నుంచి పన్నెండు దాకా వేస్తరు, అది ఊరూరికీ మారుతది. బరాత్‌ల డీజే బాక్సు పవర్ ఒక్కటే గానీ పక్కింటోళ్లకు వినపడేది వేరు, నాలుగు గల్లీల అవతల వినపడేది వేరు, గంతే. మరి "హైదరాబాద్‌లో 5.3 తీవ్రతతో ప్రకంపనలు" అని రాస్తే చదివేటోడు ఏమనుకోవాలె? అక్కడ కుర్చీ కొంచెం కదిలిందంతే.

1969 భద్రాచలం భూకంపం 5.7 అని పోల్చి రాసిన్రు, అది మాత్రం కరెక్టే, రెండూ మాగ్నిట్యూడ్‌లే కాబట్టి. కానీ ఆ 5.3ని 1993 లాతూర్ 6.2 పక్కన పెట్టి చూసినోళ్లకు 0.9 తేడానే కదా అనిపిస్తది, శక్తిలో అది ఇరవై రెట్ల పైమాటే, ఒక పూర్తి అంకె పెరిగితే దాదాపు 32 రెట్లు. పైగా లాతూర్‌ల అది తక్కువ లోతులో వచ్చింది, రాత్రిపూట, మట్టితో కట్టిన రాతి గోడల కింద జనం పడుకోనున్నరు, వేల మంది పోయిన్రు. ములుగుది 40 కిలోమీటర్ల లోతున వచ్చింది, ప్రాణనష్టం లేదు. ఈ లోతు సంగతి ఎక్కడో చివరి లైన్ల వేస్తరు, అసలు వెయ్యనే వెయ్యరు ఒక్కోసారి.

ఇంక రిక్టర్ స్కేల్ సంగతి, 1935ల కాలిఫోర్నియా కోసం చేసిన లెక్క అది, పెద్ద భూకంపాలకు ఇప్పుడు వేరే పద్ధతి వాడుతున్నరు, అయినా మనం వదలం.

మాగ్నిట్యూడ్‌ని మాగ్నిట్యూడ్ అనే రాయండి, వోల్టేజ్ అనే ఇంగ్లీషు మాట అర్థమైనోళ్లకు ఇదీ అర్థమైతది. తీవ్రత అనే మాటను ఇంటెన్సిటీకే ఉంచి, ఏ ఊర్ల ఏం కదిలింది, ఏం పగిలింది అనేది మీ విలేకర్లతో అడిగించి వెయ్యండి.

- ఒక పాఠకుడు, హనుమకొండ