మా ఊరి చరిత్ర మా ఊరివాళ్లను చదువుకోనివ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో పుట్టి, జిల్లాలోనే సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా ఊరి చెరువు చరిత్ర రాస్తున్నాను. ఆ పని మీద ఉత్తరాంధ్రలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్లినప్పుడు ఎదురైంది మీకు చెప్పుకుని, ఒక ఉత్తర్వు ఇప్పించమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

1984లో ఎం.ఫిల్. చేస్తున్న ఒక కుర్రాడు మా ఊళ్లో నెల్లాళ్లు ఉన్నాడు. మా తీరప్రాంతాన్ని ఉద్దానం అంటారు, ఆ ఉద్దానం చెరువుల మీద అతని పరిశోధన. పొద్దున్నే చెరువు గట్టు మీద తిరిగేవాడు, మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని ముసలాళ్లను మాట్లాడించేవాడు. మా నాయనమ్మ చేత చాలా చెప్పించుకున్నాడు. నాకప్పుడే ఉద్యోగం వచ్చి వేరే ఊళ్లో ఉన్నాను, పండక్కి వచ్చినప్పుడు ఒకసారి చూశానంతే. మూడేళ్లకు నాయనమ్మ పోయింది. ఆమె గొంతు మా దగ్గర లేదు. ఫొటో ఒక్కటే ఉంది, అదీ ఎవరి పెళ్లిలోనో వెనక వరసలో నిలబడింది.

ఆ కుర్రాడు రాసిన సిద్ధాంత వ్యాసం ఆ గ్రంథాలయంలో ఉందని కిందటేడు తెలిసింది. రెండు బస్సులు మారి వెళ్లాను. గేటు దగ్గర "ఐడీ కార్డు?" అన్నారు. ఆధార్ చూపించాను. "అది కాదమ్మా, యూనివర్సిటీది" అన్నారు. లోపలికి పంపాక కౌంటరు దగ్గర "మీ గైడ్ ఎవరు?" అని అడిగారు. నాకు గైడ్ లేరు. "అయితే బయటివాళ్లన్నమాట, రిజిస్ట్రారు గారి పర్మిషన్ లెటరు తెచ్చుకోండి" అన్నారు. రెండోసారి వెళితే రిజిస్ట్రారు గారు ఊళ్లో లేరు. మూడోసారి, అక్కడ పనిచేసే ఒకాయన నా తెల్లజుట్టు చూసి జాలిపడి, ఒక గంట కూర్చోనిచ్చారు. ఫోను బయట పెట్టమన్నారు. పెన్సిలు, తెల్లకాగితాలు మాత్రం ఉంచుకోనిచ్చారు. ఆ గంట ఇచ్చినందుకు ఆయనకు రుణపడి ఉంటాను. విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. నేను అడుగుతున్నది ఒక్కచోట తలుపు తీయమని కాదు గనక ఆ పేరుతో పనిలేదు.

అటెండరు బీరువా తాళం తీసి నల్ల అట్ట పుస్తకం తెచ్చిపెట్టాడు. కుట్టు దగ్గర సన్నటి పొడి రాలింది, వేలితో తుడిస్తే పురుగు తొలిచిన కాగితమే. ఇంగ్లీషులో టైపు చేసిన వ్యాసం. చివర అనుబంధంలో మాత్రం, ఆ టైపు మిషనుకు తెలుగు లేదు కాబోలు, రూళ్ల కాగితం మీద నీలం సిరాతో తెలుగులో రాసి అతికించాడు. ఊరివాళ్లు చెప్పింది చెప్పినట్టు. పేజీ తిప్పితే నాయనమ్మ పేరు. దాని కింద:

"సెరువు గట్టు తెగిన్నాడు మేమందరం సీర కొంగుల్తో మట్టి మోసినాం. కూలి ఎవులూ ఇవ్వనేదు, మేమూ అడగనేదు."

మంత్రి గారూ, ఆ రెండు వాక్యాలు చదివి నేను కాసేపు పెన్సిలు పట్టుకోలేకపోయాను. నలభై ఏళ్ల తర్వాత ఆమె మాట్లాడింది. "ఎవులూ" అని, "నేదు" అని, అచ్చం అలాగే.

తరవాతి పేజీల్లో మా చెరువు తూముల పేర్లున్నాయి. ఏ తూము కింద ఏ పొలానికి నీళ్లు పారేవో, కరువునాడు వంతు ఎవరి దగ్గర మొదలై ఎవరి దగ్గర ఆగేదో, గెడ్డ (కొండవాగు) నీళ్లు చెరువులోకి మళ్లించే కాలువ ఎటునుంచి వచ్చేదో. ఈ రోజు మా ఊళ్లో ఆ కాలువ జాడ చూపగలిగిన మనిషి లేడు. దాని మీద ఇళ్లు లేచాయి, కొబ్బరి తోటలు లేచాయి. చెరువు పూడిక తీయడానికి మనిషినీ మిషన్నూ పెడుతున్నారు గానీ, నీళ్లు ఎటునుంచి రావాలో చెప్పే కాగితం ఊరికి వంద కిలోమీటర్ల లోపే ఒక బీరువాలో ఉందని ఎవరికీ తెలియదు. పదకొండు పేజీల అనుబంధంలో నాలుగు పేజీలు రాసుకునేసరికి గంట అయిపోయింది.

"బయటివాళ్లు" అన్న మాట నన్ను ఇంకా గుచ్చుతోంది. ఆ పుస్తకంలో ఉన్నది మా గట్టు, మా తూము, మా నాయనమ్మ. నేను బయటిమనిషిని ఎలా అయ్యాను?

మీరు అడగొచ్చు, ప్రభుత్వ రికార్డు ఆఫీసులు ఉన్నాయి కదా అని. మా ప్రాంతం సంగతి వేరు. శ్రీకాకుళం వైపు ఊళ్లు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా గంజాం జిల్లాలో ఉండేవి. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. పార్వతీపురం మనిషి కథ ఇంకా చిత్రం. విశాఖపట్నం జిల్లాలో పుట్టి, 1950లో శ్రీకాకుళం జిల్లావాడై, 1979 జూన్ 1న విజయనగరం జిల్లావాడై, 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లావాడయ్యాడు. ఇల్లు కదల్లేదు, జిల్లా మూడుసార్లు మారింది. బొబ్బిలి, సాలూరు, చీపురుపల్లి వాళ్లూ 1979 దాకా మా శ్రీకాకుళం జిల్లావాళ్లే. మారిన ప్రతిసారీ కాగితాలు ఎటో అటు పోయాయి. పాత గంజాం కాగితం కావాలంటే ఒడిశాలోని ఛత్రపురం, భువనేశ్వర్. మద్రాసు రెవెన్యూ బోర్డు కాగితం కావాలంటే చెన్నై ఎగ్మూరు. మా చెరువు కోసం నేను మూడు రాష్ట్రాలు తిరగాలి. అందుకే మా దగ్గర్లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయం మాకు మిగతా జిల్లాల వాళ్లకంటే ఎక్కువ అవసరం. అధ్యాపకులు, విద్యార్థులు ఎన్నో ఏళ్లుగా ఊరూరా తిరిగి పోగుచేసింది అక్కడే ఉంది.

అచ్చయిన పాత పుస్తకాల కోసం నేను పోట్లాడను. 1869 నాటి కార్మైకేల్ విశాఖపట్నం మాన్యువల్, 1882 నాటి మాల్ట్‌బీ గంజాం మాన్యువల్, 1907 నాటి ఫ్రాన్సిస్ గెజిటీరు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. శ్రీకూర్మం, ముఖలింగం శాసనాలున్న దక్షిణ భారత శాసన సంపుటాలూ దొరుకుతాయి. తెల్లదొర మా జిల్లా గురించి రాసింది నా ఫోనులో ఉంది. మా నాయనమ్మ మా జిల్లా గురించి చెప్పింది మాత్రం తాళం వెనక ఉంది. 2009 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలతో సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలన్న నియమం వచ్చింది, శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో ఇంటి దగ్గర కూర్చునే చదువుకోవచ్చు. అంతకుముందు టైపు మిషను మీద కొట్టిన ఎం.ఫిల్. వ్యాసాలు చాలావాటికి బీరువాలో ఉన్న ప్రతే గతి. ముసలాళ్లు బతికుండగా వాళ్లను అడిగి రాసుకున్నది కూడా ఆ తరమే.

గిడుగు రామమూర్తి పంతులు గారిని తలుచుకోండి. ఆయన పుట్టింది ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే, ఎవరూ నేర్పకుండా పాత లిపులు నేర్చుకుని ముఖలింగం గుడి మీది గాంగ రాజుల శాసనాలు చదివారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు చేశారు. ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన ముందు ఉన్నది గుడి గోడ కాబట్టి సరిపోయింది. ఆ శాసనాలే ఒక బీరువాలో ఉండి ఉంటే, బడిపంతులుకు గైడ్ ఎవరని అడిగి ఉండేవారు.

తలుపు తెరిచి పెడితే ఎలా ఉంటుందో చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. శ్రీకాకుళంలోనే కథానిలయం ఉంది. కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు తనకు వచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి 1997లో ప్రారంభించారు. ఎక్కడెక్కడి పాత పత్రికలో తెప్పించి, తెలుగు కథలన్నీ ఒకచోటికి చేర్చే పని పెట్టుకున్నారు. రిటైరయిన ఒక లెక్కల మాస్టారు మొదలుపెట్టగలిగిన పని ఇది. ప్రభుత్వ జీతాలతో నడిచే గ్రంథాలయాలకు కష్టమా?

మా ఇళ్లల్లో కాగితాలు ఎందుకు దాచుకోలేదని కొందరంటారు. దాచుకున్నాం. మా తాత శిస్తు రసీదులు, జమీందారీ నాటి పట్టా, నాయనమ్మ పసుపు రాసి కట్టిన తాటాకుల కట్ట, అన్నీ ట్రంకుపెట్టెలో అటక మీద ఉండేవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. రాత్రి రేకులు లేచిపోయాయి. తెల్లారి చూస్తే పెట్టెలో నానిన అట్టు లాంటి ముద్ద. ఎండలో ఆరబెట్టి, ఒక్కొక్క పొర విడదీయబోతే చేతికి గుజ్జు వచ్చింది. ఉద్దానంలో ఆ రోజు కొబ్బరిచెట్లు ఎన్ని కూలాయో లెక్క కట్టారు. ఎన్ని ట్రంకుపెట్టెలు తడిశాయో ఎవరూ లెక్క కట్టలేదు. మా దగ్గర లేకుండా పోయినవాటి ఆనవాళ్లు ఏమైనా మిగిలితే, అవి ఆ నల్ల అట్టల పుస్తకాల్లోనే మిగిలాయి.

1940 ఏప్రిల్ 1న మా మందస దగ్గర గుడారి రాజమణిపురంలో, జమీందారుపై రైతుల పోరాటంలో, పోలీసు కాల్పుల్లో వీరగున్నమ్మ నేలకొరిగింది. ఆమె పేరు మా పిల్లలకు తెలుసు. ఆ రోజు ఆమె పక్కన నిలబడినవాళ్ల పేర్లు అడిగితే ఊరికో రకంగా చెబుతారు. 1937లో రైతు రక్షణ యాత్రగా ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు నడిచి వెళ్లిన రైతుల్లో మా ఊళ్లవాళ్లు ఎవరో కూడా అంతే. ఈ పేర్లు వెతకాలన్న పట్టుదల ఆ ఊళ్లవాళ్లకే ఉంటుంది. డిగ్రీ కోసం చేసేవాళ్లు డిగ్రీ రాగానే ఆగిపోతారు, తప్పేమీ లేదు. ఊరి మనిషి ఆగడు.

గ్రంథాలయ సిబ్బంది భయం నాకు తెలుసు. బ్లేడుతో పేజీలు కోసుకుపోయిన పుస్తకాలు నేనూ చూశాను, చూసినప్పుడు కడుపు మండిపోయింది. ఉన్న ఇద్దరు మనుషులు ఎంతమందిని కనిపెట్టుకుని కూర్చోగలరు? అందుకే పుస్తకం ఇంటికి ఇమ్మని అడగడం లేదు. వాళ్ల కళ్లెదుటే కూర్చుని చదువుకుంటాం. సంచీ బయట పెడతాం, పెన్సిలుతోనే రాసుకుంటాం, రిజిస్టరులో సంతకం పెడతాం.

మీరు ఇవ్వవలసిన ఉత్తర్వు ఇదీ. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో నివాసముండే ఎవరికైనా ఆధార్ చూపిస్తే చాలు, ప్రభుత్వ విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో స్థానిక చరిత్రకు సంబంధించిన పాత వ్యాసాలు, దస్త్రాలు అక్కడే కూర్చుని చదువుకునే చీటీ ఇవ్వాలి. వారంలో రెండు రోజులైనా ఫర్వాలేదు, అది ఏ రోజో ముందే తెలిస్తే బస్సు చూసుకుంటాం. ఏ ఊరి మీద ఏముందో తెలుగులో ఒక జాబితా రాసి గోడకు పెట్టించండి. నా పుస్తకం సంగతి నాకు నలభై ఏళ్లకు తెలిసింది, అదీ ఒకరి నోటిమాటగా. సొంత పరిశోధనకు కొన్ని పేజీలు ఫోనుతో తీసుకోవడానికి కాపీరైటు చట్టంలోనే వెసులుబాటు ఉంది, ఆ మాట సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే వాళ్లు భయపడి వద్దంటారు. 2009కి ముందటి వ్యాసాలను స్కాన్ చేయించే పని మా ప్రాంతంతో మొదలుపెట్టండి, పురుగు ఇప్పటికే మొదలుపెట్టింది గనక. ఛత్రపురం, భువనేశ్వర్‌లలో ఉన్న పాత గంజాం కాగితాల్లో మా తాలూకాల వాటికి నకళ్లు తెప్పించడం మాలాంటివాళ్ల చేతిలో లేదు. అది మీ స్థాయిలో ఒడిశా ప్రభుత్వానికి రాయవలసిన ఉత్తరం.

వచ్చే వానాకాలం లోపు మా చెరువు కాలువ జాడ గుర్తించి తహసీల్దారు గారికి అర్జీ పెట్టాలని ఊరివాళ్లం అనుకుంటున్నాం. అందుకు ఆ అనుబంధంలో నేను రాసుకోలేకపోయిన ఏడు పేజీలు కావాలి. కాలువ సంగతి అయిదో పేజీ చివర్లో మొదలవుతుంది. మొదటి వాక్యం చదివాను, అప్పుడే అటెండరు తాళంచెవులు తీసుకుని వచ్చి నిలబడ్డాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
మందస మండలం, శ్రీకాకుళం జిల్లా